కడిగి పంపిన నాచు

వాడరేవులో మా సంఘం ఆడవాళ్లం ఐదుగురం సముద్రపు నాచు పెంచాం. వెదురు తెప్పకి ఇరవై తాళ్లు, తాడుకి ఇరవై ముక్కలు. ఆ ముక్కలే నారు. మూడు తెప్పలకి పన్నెండు వందలు. నేను చదివింది ఏడో తరగతే. అయినా పర్చూరులో పొగాకు ఆకు కర్రలకి కట్టిన రోజుల నుంచీ లెక్కపెట్టకుండా ఏదీ వదలను.

నెల తిరక్కుండానే ముక్కలు తెల్లబడి తెగిపోసాగాయి. నడుం లోతు నీళ్లలో నిలబడి లెక్కపెట్టాను. మొదటి వ్యానులో వచ్చిన నారు కట్టిన రెండు తెప్పల్లో ఎనిమిది వందలకి తొమ్మిది పోయాయి. రెండో వ్యాను నారు కట్టిన మూడో తెప్పలో నాలుగు వందలకి నూట ముప్ఫై ఒకటి. ఎండ వల్లేనంది మా లీడరు. ఎండ మూడు తెప్పల మీదా ఒకేలా కాస్తుంది కదా అంటే వినలేదు.

ఫోన్లో దొరికిన ఒక పరిశోధకురాలు విన్నారు. నాచు మీద ఎప్పుడూ రకరకాల బ్యాక్టీరియా ఉంటుందట. అన్నీ చెడ్డవి కావట. వాటిలో కొన్ని మితిమీరితేనే తెగులు. తెల్లబడినవీ బాగున్నవీ పోల్చి చూస్తే, మిగిలిన నారు మళ్లీ కట్టుకోవచ్చో లేదో చెబుతానన్నారు. మాకు కావాల్సింది అదే. మొదటి రెండు తెప్పల్లో మిగిలిన ఏడు వందల తొంభై ఒకటీ తుంచి కట్టుకుంటేనే తర్వాతి పంట. తెగులు వాటిలోనూ దాగి ఉంటే ఆ పంటా పోతుంది.

తెల్లబడినవి ఒక సంచిలో, బాగున్నవి పది ఇంకో సంచిలో పెట్టి తెప్ప నంబరు, తాడు నంబరు, తేదీ రాశాను. సముద్రపు నీళ్ల తడితోనే పంపమని ఆవిడ చెప్పిన మాట మాత్రం ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. మూటకట్టి బస్సుకి ఇవ్వమని, మా ఐదుగురిలో ఒకతైన నా తోడికోడలికి అప్పగించి వెళ్లిపోయాను.

నాలుగో రోజు ఆవిడ ఫోన్ చేశారు. “రెండు సంచుల్లోవీ తెల్లగానే ఉన్నాయండి. మంచినీళ్లు తగిలాయా?”

తోడికోడల్ని అడిగాను.

“ఇసకతో పంపితే మనల్ని ఏమనుకుంటారక్కా? బోరు నీళ్లతో రెండుసార్లు కడిగి ఐసు కూడా వేశా. చేపలకి వేస్తాం, దీనికి వెయ్యమా?”

చూడాల్సిన బ్యాక్టీరియా బోరు పక్క కాలవలో పోయింది. మళ్లీ పంపితే ఫలితానికి మూడు వారాలు. గాలి మారేలోపు, అంటే ఈ వారంలోనే, నారు కట్టాలి.

లీడరు అందర్నీ కూర్చోబెట్టింది. “లెక్కలన్నీ నీ దగ్గరే ఉన్నాయిగా వదినా. కట్టమంటావా, పారెయ్యమంటావా?”

పుస్తకం తెరిచాను. ఏ తాడుకి ఎన్ని తెల్లబడ్డాయో ఉంది. తెల్లబడనివాటి మీద ఏముందో లేదు. తెలీదన్నాను. తర్వాత ముగ్గురు పారెయ్యమన్నారు, తోడికోడలు కట్టమంది. నేను ఎటూ చెప్పలేదు.

పారెయ్యాల్సిన నారు విప్పి ఒడ్డున పరుస్తూ లెక్కపెట్టాను. సంచిలో పెట్టిన పది పోను ఏడు వందల ఎనభై ఒకటి. ఒక్కదాని మీదా తెల్ల మచ్చ లేదు. మంచి నారు పారేశామో, తెగులు పారేశామో ఇప్పటికీ చెప్పలేను.