డొక్కల గుంటలో దిగిన మా అత్తగారు

మా అత్తగారు పోయారు. వారం దాటింది. కబురు తెలిసి రాజోలు నుంచి పడవెక్కి వచ్చిన చుట్టాలు గుమ్మం బయటే ఆగిపోయారు, కాళ్లు కడుక్కోకుండా లోపలికొస్తే ఆవిడ కేకలేస్తారని. కేకలేసే మనిషి ఇక లేరని గుర్తొచ్చి అప్పుడు ఏడ్చారు.

వేణుగోపాలస్వామి గుడి అర్చకుల ఇల్లు మాది. అత్తగారి మడి ఊరంతటికీ తెలుసు. కాకి వాలిన దండేన్ని కూడా కడిగేవారు. అలాగని కఠినురాలు కాదు. నాకు తలనొప్పి వస్తే దూరంగా నిలబడి, "శొంఠి అరగదీసి పెట్టేను, రాసుకో అమ్మాయీ. నన్ను మాత్రం ముట్టుకోకేం!" అనేవారు.

జమీందారీ కోసం ఇద్దరు దాయాదులు కత్తులు దూసిన ఏటి సంగతి చెప్పాలి. ఇద్దరూ కిరాయి దండుల్ని దింపారు. ఆ దండులు గుళ్ల మీద పడి పంచలోహ విగ్రహాలను ఎత్తుకుపోయి కరిగించేస్తున్నాయి. ఎగువ ఊళ్లో అమ్మవారిని ముక్కలు చేసి గోనెల్లో వేసుకెళ్లారని విన్నాం. పడవలు ఆగిపోవడంతో మామగారూ, మావారూ కొత్తపేట వైపు చిక్కుకుపోయారు. ఇంట్లో మేమిద్దరమే.

ఒక మధ్యాహ్నం, కొబ్బరితాళ్లు పేనే పక్కింటావిడ పరుగున వచ్చింది.

"అమ్మగారండీ, దండు కాలవ దాటేసిందండీ!"

అత్తగారు గుళ్లోకి వెళ్లి స్వామినీ, అమ్మవార్లిద్దరినీ మడిబట్టల్లో చుట్టి తెచ్చారు. పెరట్లో పాతిపెడదామన్నాను నేను.

"తవ్విన మట్టి వాళ్లకి కనపడదుటే?" అని, పక్కింటావిడ వైపు తిరిగారు. "మీ డొక్కల గుంట ఎంత లోతే?"

"నడుం లోతుంటాదండీ. ఆ కంపులోనాండీ, సామిని దాచేది?"

పీచు తీయడానికి కొబ్బరి డొక్కలు నెలల తరబడి నానబెట్టే గుంట అది. దాని పక్కనుంచి నడిచినా అత్తగారు తలస్నానం చేసేవారు.

"స్వామి ఉంటేనే కదే నా మడి! ఆయనే లేకపోతే అదెవరి కోసం?" అంటూ చీర పైకి దోపి తనే దిగారు. నల్లటి నీళ్లు నడుము దాకా వచ్చాయి. నేను విగ్రహాలు అందించాను, పక్కింటావిడ పైన డొక్కలు కప్పింది. ముగ్గురి చేతులూ ఒకదానికొకటి తగులుతూనే ఉన్నాయి.

దండు రానే వచ్చింది. ఖాళీ పీఠం చూసిన నాయకుడు కత్తితో మా అరుగెక్కి, "విగ్రహాలేవీ?" అని గద్దించాడు.

"మావాళ్లు ఏరు దాటించేసేరు నాయనా. దాహమైతే మజ్జిగిస్తాను, తాగి వెళ్లండి," అన్నారు అత్తగారు, తడిబట్టలతోనే ఎదురెళ్లి.

ఆ కంపుకి అతను ముక్కు మూసుకుని అరుగు దిగిపోయాడు. కానీ విగ్రహాలు దొరకని కోపంతో గుళ్లోని చెక్క వాహనాలను నరికించాడు. దండువాళ్లు వాటితో పొయ్యి రాజేసి అన్నం వండుకున్నారు. మామగారి తాతగారు చెక్కించిన వాహనాలవి. కత్తికి బెదరని మనిషి ఆ పొగ చూసి వెక్కి వెక్కి ఏడ్చారు. "గరుత్మంతుణ్ణయినా దాచలేకపోయేను అమ్మాయీ," అని ఈ మధ్య కూడా అంటుండేవారు.

వానలు పడి దండులు వెళ్లిపోయాక స్వామిని పైకి తీశాం. మైలపడ్డ విగ్రహాలకి సంప్రోక్షణ జరగాలన్నారు పెద్దలు. "తప్పకుండా చేయించండి. నేనూ దిగేను కదా, నాకూ చేయించండి," అని నవ్వేశారు అత్తగారు.

మడి మానలేదు. పక్కింటావిడ వచ్చినప్పుడు మాత్రం దూరం జరగడం మరిచిపోయేవారు. నిజంగా మరిచిపోయేవారో లేదో నేనడగలేదు.

ఆ ఏడు కల్యాణానికి వాహనం లేదు. ఊరివాళ్లు పచ్చి కొబ్బరిమట్టలు అల్లి పల్లకీ కట్టారు. మా ఇంటి ముందు అత్తగారు హారతి పళ్లెంతో ఎదురెళ్లారు. ఎంత తోమినా వదలని నల్లటి పీచుపోగు ఒకటి స్వామి కిరీటం మడతలో ఇరుక్కుని ఉంది. తీయబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. స్వామి ముఖం మీంచి చూపు తిప్పకుండా, పల్లకీ ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ, కాలవ మలుపు దాకా అలాగే వెళ్లారు.