స్ప్రింగు లేని గొట్టం

2013 ఏప్రిల్ చివరి వారం. ఉదయం పదకొండు ఇరవైకి రాయపూర్ స్టేషన్‌లో దిగాను. ఒక నల్ల ట్రంకు, ఒక బెడ్డింగు, కాన్వాసు సంచీలో బోల్టులు విప్పే నా సొంత పానాలు. ఎండకు కాలిన ప్లాట్‌ఫారం ఇనుప బెంచీకి చెయ్యి ఆనించలేకపోయాను. మోవా దాటి అదే రోడ్డు మీద కొంత దూరం పోతే మా యూనిట్. మూడు రేకుల షెడ్లు, పదకొండు బండ్లు, ఒక బోరింగు. రెండేళ్ల డ్యూటీ. నేను సైన్యంలో నాయక్‌ని, బండ్ల మెకానిక్‌ని.

సైనికుడి జ్ఞాపకాలంటే మీరు మంచుకొండలు, తుపాకులు ఆశిస్తారు. అవి చూసినవాళ్లున్నారు, వాళ్లు చెబుతారు. నేను చెప్పగలిగింది ఒక పాత తెల్ల డీజిల్ కారు గురించి. ఆ యుద్ధంలో నేను శత్రువుగా ఎంచుకున్న మనిషి నాకు రోజూ ఇంటి నుంచి టిఫిను తెచ్చిపెట్టేవాడు.

ఆయన ఆ కారు డ్రైవర్ హవల్దార్. శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వే కుటుంబం, పుట్టి పెరిగింది ఇక్కడే, రాయపూర్ గుఢియారీలో. సర్వీసు చివర్లో సొంత ఊరికి పోస్టింగు దొరికింది. గేటు దగ్గర పాలవాడి నుంచి మేజర్ సాబ్ దాకా అందరికీ ఆయన పేరు తెలుసు. నాకు మెస్‌లో రొట్టె. ఆయనకు భార్య చేతి పులిహోర. సగం నాకు పెట్టేవాడు. తింటూ కూడా కుళ్లుకునేవాణ్ణి. దాచడం అనవసరం.

ఇంకొక తేడా ఉంది. మా ఊరి గ్రంథాలయంలో ప్రతి ఆదివారం దయ్యాలు, జాతకాలు, ముహూర్తాల మీద చర్చలు జరిగేవి. పదహారేళ్లకే నేను లేచి పెద్దల్ని ప్రశ్నించేవాణ్ణి. ఆయన రేడియేటర్ కింద నిమ్మకాయ కట్టేవాడు. మంగళవారం మంగళవారం కారు ముందు కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు నాలుగు చుక్కలు రేడియేటర్లో వేసేవాడు. మిగతావి మాకు పంచేవాడు. అది అమ్మవారి వాటా, ఇది మన వాటా అనేవాడు. షెడ్డంతా నవ్వేది. నేను చిప్ప అందుకుని, తాగి, ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ణి. ఇంజన్‌కు భక్తి తెలియదు, ఉష్ణోగ్రతే తెలుసు అనేవాణ్ణి. ఆ మాట ఈనాటికీ మార్చుకోను.

మేజర్ సాబ్ ఇచ్చిన ఆర్డరు చిన్నది. ప్రతి సోమవారం పది గంటలకు నయా రాయపూర్‌లో మీటింగు. కారు పోవాలి, రావాలి, దారిలో ఆగకూడదు.

నేను చేరిన వారంలోనే కారు కింద నీళ్లు కారడం చూశాను. రేడియేటర్ అడుగు నుంచి నీళ్ల పంపుకు పోయే రబ్బరు గొట్టం పగిలింది. పాతది కోసి తీశాను. లోపల ఒక చుట్టల స్ప్రింగు, తుప్పు పట్టి చేతిలోనే విరిగింది. స్టోర్ నుంచి వచ్చిన కొత్త గొట్టంలో స్ప్రింగు లేదు. స్టోర్ క్లర్కును అడిగితే, అది పెట్టెలో గొట్టం వంగకుండా పెట్టేది, బండికి అక్కర్లేదన్నాడు. చాలామంది మెకానిక్‌లు అలాగే అంటారు. నేనూ నమ్మాను. రుజువు అడగలేదు. కారడం ఆగింది. రిజిస్టర్లో నా సంతకం పెట్టాను.

మే రెండో వారం హవల్దార్ సెలవు మీద వెళ్లాడు. సోమవారం కారు నేనే నడిపాను. నయా రాయపూర్ రోడ్లు మీరు చూసే ఉంటారు. అప్పుడు ఇంకా ఖాళీ. ఆరు బండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పు, కనుచూపు మేర మనిషి లేడు. ఎనభై మీద పోనిచ్చాను. ఎనిమిది నిమిషాలకు సూది ఎరుపులోకి వెళ్లింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. మేజర్ సాబ్ నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డారు. మాటిమాటికీ గడియారం చూసుకున్నారు. అదే ఎక్కువ కాలింది.

తర్వాతి సోమవారం హవల్దార్ నడిపాడు. పోయి వచ్చాడు. ఆవిరి లేదు. దిగుతూ మేజర్ సాబ్ ఆయన భుజం తట్టి, నీ చేతిలో ఏదో ఉంది అన్నారు. పక్కనే స్క్రూడ్రైవర్ పట్టుకుని నేనున్నాను.

ఆ సాయంత్రం హవల్దార్ నా దగ్గరికి వచ్చాడు. "తమ్ముడూ, దీన్ని పచాస్ దాటించకు. దాటితే అమ్మవారికి కోపం వస్తాది. నాను సూసినాను."

"అమ్మవారి దగ్గర స్పీడోమీటర్ ఉందా ఉస్తాద్?" అన్నాను.

ఆయన నవ్వి, టిఫిన్ డబ్బా నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇప్పుడు చదువుతున్న మీకు అందులో సమాచారం కనిపిస్తోంది. యాభై దాటితే వేడెక్కుతుంది. అంతే. కళ్లతో చూసి చెప్పిన మాట. నాకు ముందు తగిలింది అమ్మవారే. ఆమెను కొట్టిపారేస్తూ యాభైని కూడా కొట్టిపారేశాను.

మూడు వారాలు కారును విప్పాను. ముందు రేడియేటర్ మూత, ఒత్తిడి నిలబడింది. థర్మోస్టాట్‌ను మెస్ గిన్నెలో నీళ్లు మరిగించి చూశాను, సరైన వేడికే తెరుచుకుంది. రేడియేటర్‌ను వెనక నుంచి కడిగాను, నీరు ధారగా వచ్చింది. ఫ్యాన్ బెల్టు బిగువు. పంపు ఊగడం లేదు. హెడ్ గ్యాస్కెట్ పోయిందేమోనని రేడియేటర్ నోట్లోకి అరగంట చూశాను. ఒక్క బుడగ లేదు. అన్నీ షెడ్డులో, బండి నిలబెట్టి, ఇంజన్ నెమ్మదిగా తిప్పుతూ చేసిన పరీక్షలు. అన్నీ పాస్. నేను నడిపితే ఫెయిల్. ఆయన నడిపితే పాస్.

షెడ్ల అజమాయిషీ చూసే సుబేదార్ సాబ్ మిగతా బండ్లకూ నిమ్మకాయలు కట్టించాడు. నాకు అన్నం దిగలేదు.

జూన్ మొదట్లో మేజర్ సాబ్ రాతపూర్వకంగా కారణం అడిగారు. మెకానిక్ లోపమా, డ్రైవర్ లోపమా? హవల్దార్ సర్వీసు ఆ ఏడాదితో ముగుస్తుంది. రెండేళ్ల పొడిగింపుకు కాగితం పెట్టుకున్నాడు. చిన్నమ్మాయి నర్సింగ్ చదువు సరిగ్గా రెండేళ్లు మిగిలింది. డ్రైవర్ లోపమని రికార్డులో పడితే పొడిగింపు రాదు. ఈ సంగతి ఆయనే నాకు పులిహోర పెడుతూ చెప్పాడు.

నేను రాశాను. 'డ్రైవర్ మూఢనమ్మకంతో రేడియేటర్లో క్రమం తప్పకుండా కొబ్బరినీళ్లు పోస్తున్నాడు. చల్లబరిచే వ్యవస్థ పాడవడానికి ఇది కారణం కావచ్చు.' ఎన్ని చుక్కలో రాయలేదు. ప్రతి పదం నిజం. మొత్తం అబద్ధం. నాలుగు చుక్కలకు ఇంజన్ మరగదని ఆ షెడ్డులో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. అయినా రాస్తుంటే ఎండాకాలంలో చన్నీళ్ల స్నానం చేసినంత హాయిగా ఉంది. మూఢనమ్మకాన్ని ఓడిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

కాగితం సోమవారం ఇవ్వాలి. శనివారం ఉదయం ఏడింటికి ఆఖరి ట్రయల్. కారు నేను నడిపాను, పక్క సీట్లో హవల్దార్. వెనక, ఆగిన బండ్లను లాగే రికవరీ ట్రక్కు, దాన్లో సుబేదార్ సాబ్. రెండింట్లోనూ వైర్‌లెస్ సెట్లు, ప్రశ్న ఆయనది, జవాబు నాది.

"సూది ఎక్కడుంది? ఓవర్."

"సగం. వేగం డెబ్బై. ఓవర్."

నాలుగు నిమిషాల తర్వాత మళ్లీ.

"సూది?"

"ఎరుపు అంచు. ఆపుతున్నాను. అవుట్."

ఖాళీ రోడ్డు పక్కన ఆపాం. ట్రక్కు దూరంగా వెనక నిలబడింది. ఇంజన్ ఆపలేదు, ఆపితే వేడి ఇంకా పెరుగుతుంది. నా జేబులో ఆ కాగితం మడత ఉంది. చెమటకు తడిసింది. అడగాలనిపించి కాదు, సూది దిగేదాకా ఊరికే కూర్చోలేక అడిగాను. ఇది ఎప్పటి నుంచి మొదలైంది ఉస్తాద్ అని.

"నువ్వు కింద గొట్టం మార్చిన కాడ్నుంచి," అన్నాడు. గొంతులో ఎత్తిపొడుపు లేదు. "అంతకుముందు ఎనభై మీద కూడా పోయేది. నీకు సెబితే మనసు కష్టపెట్టుకుంటావని ఊరుకున్నాను. పచాస్‌లో నడుపుకుంటే సరిపోద్ది కదా అని."

గబాలున కారు దిగాను. బానెట్ ఎత్తాను. ఆయన డ్రైవర్ సీట్లోకి జరిగాడు.

"నువ్వు కిందకి సూడు. నాను తొక్కుతాను."

తొక్కాడు. ఇంజన్ గట్టిగా అరిచింది. కింది గొట్టం, వేడికి మెత్తబడ్డ నల్ల రబ్బరు, నా కళ్ల ముందే బల్లపరుపుగా అతుక్కుపోయింది. పంపు లాగుతోంది. గోడలు ఆపడానికి లోపల స్ప్రింగు లేదు. నీటి దారి మూసుకుపోయింది. ఆయన కాలు తీశాడు. గొట్టం మళ్లీ గుండ్రంగా వచ్చింది, ఏమీ ఎరగనట్టు.

"కనబడిందా?" అని సీట్లోంచి అడిగాడు.

కనబడింది అన్నాను.

కాగితం అక్కడే చింపాను. సోమవారం ఇంకొకటి ఇచ్చాను. స్ప్రింగు లేకుండా గొట్టం బిగించింది నేను, లోపం మెకానిక్‌ది. ఒక తీగతో స్ప్రింగు చుట్టించి వేశాం. కారు ఎనభై మీద పోయి వచ్చింది. నాకు రావలసిన ప్రమోషన్ కోర్సు సిఫారసు ఆ ఏడాది రాలేదు. హవల్దార్‌కు పొడిగింపు వచ్చింది. సుబేదార్ సాబ్ మాత్రం అందరికీ చెప్పాడు, నిమ్మకాయ మహిమ వల్లే మెకానిక్ తప్పు బయటపడిందని. మళ్లీ కుళ్లుకున్నాను. ఈసారి నిమ్మకాయ మీద.

2015లో బదిలీ. గుఢియారీ నుంచి ఆయన స్కూటర్ మీద స్టేషన్‌కు వచ్చాడు, డబ్బాలో పులిహోర. రైలు కదిలాక తిన్నాను. ఇప్పుడు మా ఊరి గ్రంథాలయంలో ఆదివారాలు మాట్లాడుతుంటాను. నిమ్మకాయను నేటికీ విమర్శించకుండా వదిలిపెట్టను. కానీ ఎదుటివాడు అమ్మవారని మొదలుపెడితే, ముందు ఎంత స్పీడులో అని అడుగుతాను.

ఒకటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ శనివారం బానెట్ ఎత్తి ఉంది. తెల్ల రేకు మా ఇద్దరి మధ్య గోడలా నిలబడింది. ఆయనకు గొట్టం కనిపించదు, నా ముఖం కనిపించదు. సుబేదార్ సాబ్ ట్రక్కులోనే ఉన్నాడు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. కనబడిందా అని ఆయన ఒకసారి కాదు, మూడుసార్లు అడిగాడు. మొదటి రెండుసార్లు నా చెయ్యి జేబులోని కాగితం మీద ఉంది. ఆయన అనుమానించలేదు. నాకు ఇంకా దొరకలేదేమోనని, ఓపిగ్గా, మళ్లీ మళ్లీ తొక్కుతున్నాడు.