ఒక్క అక్షరం దిద్దాను, ఆఫీసంతా వచ్చింది

నిన్నటి నుంచి మా ఆఫీసులో నన్ను చూసి నవ్వనివాళ్లు లేరు. ఎందుకో చెప్తాను, మీరూ నవ్వండి. కానీ ఈ టీ మాత్రం మీరే ఇప్పించాలి, నా పరిస్థితి బాలేదు.

నేను హైటెక్ సిటీలో టెస్టింగ్ చేస్తానని తెలుసు కదా. ఇతరుల కోడ్‌లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. నా పేరు మీద ఒక్క లైను కూడా లేదు. అది లోలోపల గుచ్చుతూనే ఉండేది. పోయిన వారం మేం వాడే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ డాక్యుమెంటేషన్, అంటే దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలు, చదువుతుంటే, ఒక మాటలో అక్షరం ఎగిరిపోయి కనిపించింది. ఆ పేజీలను ఎవరైనా దిద్ది పంపొచ్చు. ఆ లాంగ్వేజ్ నడిపేవాళ్లు ఒప్పుకుంటే మన పేరు వాళ్ల జాబితాలో చేరుతుంది. ప్రపంచమంతా వాడే లాంగ్వేజ్‌లో నా పేరు! వెంటనే ఆ అక్షరం చేర్చి పంపాను.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. లంచ్‌లో ఆపుకోలేక మా టీమ్ వాట్సాప్ గ్రూపులో లింక్ పెట్టాను. మా గ్రూపులో ఎవరైనా కొత్త హెల్మెట్ కొన్నా సరే, "కంగ్రాట్స్, పార్టీ ఎప్పుడు?" అని అందరూ అడగాల్సిందే. ఈసారి ఆ ఆచారం గ్రూపులో ఆగలేదు. ఖాజాగూడ నుంచి వచ్చే మా శ్రీకాంత్ లింక్ నొక్కి, సరాసరి నా మార్పు కింద కామెంట్లు పెట్టే చోటే, తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాశాడు. "సూపర్ అక్కా, పార్టీ ఎప్పుడు?" వాడి వెనక టీమంతా అదే రాసింది.

కాసేపటికి ఆ లాంగ్వేజ్ నడిపేవాళ్లలో ఒకాయన, ఏ దేశమో ఏమో, మర్యాదగా అడిగాడు. "వీళ్లంతా మనుషులేనా, లేక ఏదైనా ప్రోగ్రామ్ రాస్తోందా? ఈ 'పార్టీ ఎప్పుడు' అంటే ఏమిటి?"

శ్రీకాంత్ సీటు దగ్గరికి పరుగెత్తాను. "ఏం చేశావయ్యా? అది మన గ్రూపు కాదు, లోకమంతా చూసే చోటు."

"ఫికర్ చెయ్యకు అక్కా. జర ఆగు, నేను చూస్కుంటా."

ఏం చూసుకున్నాడంటే, అందరి చేతా సారీ చెప్పించాడు. ఎక్కడ? అక్కడే, ఒకరి కింద ఒకరు. మా మేనేజర్ గారైతే "సారీ సర్, షీ ఈజ్ వెరీ గుడ్ గర్ల్" అని రాశారు. ఇద్దరు పిల్లల తల్లినండి నేను. ఆ తర్వాత ఇంకెవరూ ఏమీ రాయకుండా ఆ పేజీకి తాళం పడింది.

హఫీజ్‌పేట్‌లో ఇంటికెళ్లి పప్పుకు తాలింపు పెడుతున్నా అదే ఆలోచన. నా పేరు ఇక గంగలో కలిసినట్టే. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. చివరికి ఆ లాంగ్వేజ్ నడిపే ఆయనకే మెయిల్ పెట్టాను. "వీళ్లు మనుషులే, నా కొలీగ్స్. మాలో ఎవరికి మంచి జరిగినా ఇలాగే పార్టీ అడుగుతారు, ఆ మంచి జరిగినవాళ్లే అందరికీ తినిపించాలి. నాకిది మొదటిసారి, అందుకని సంతోషం కాస్త ఎక్కువైంది" అని.

వారం చివరిదాకా ఉలుకూ పలుకూ లేదు. నిన్న ఉదయం ఎంఎంటీఎస్ రైల్లో నిలబడి ఉండగా ఫోన్ మోగింది. నా మార్పు ఒప్పుకున్నారు, జాబితాలో నా పేరు ఉంది. ఆనందంలో పక్కావిడ చెయ్యి పట్టుకున్నాను, ఏమనుకుందో పాపం. కింద ఆయన రెండు ముక్కలు రాశాడు. "ఇంకా చాలా పేజీలు దిద్దాలి, మీ స్నేహితులనూ తీసుకురండి. పార్టీ ఎప్పుడు?" ఆ చివరిది అచ్చంగా మన మాటే.

ఈసారి ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆఫీసులో అడుగుపెట్టేసరికి శ్రీకాంత్ ఆ పేజీని మీటింగ్ రూమ్ స్క్రీన్ మీద పెట్టుకుని నిలబడ్డాడు.

"చూసినవా అక్కా? మేమడిగితే మాట దాటేస్తివి. ఇగ ఆ సారే అడిగిండు, ఎట్ల తప్పించుకుంటవ్?"

తప్పించుకోలేదు. మధ్యాహ్నం కోకాపేటలో టీమ్ మొత్తానికి బిర్యానీ. తింటూ ఫోన్‌లో నా పేరు చూసుకుని మురిసిపోతూ, పక్క పేజీ తిప్పాను. అక్కడ ఇంకో తప్పు కనిపించింది.

చూడనట్టే మూసేశాను. జీతం పడ్డాక దిద్దుతాను.