రీకలెక్ట్ అని రాయనన్న రోజు

కరోనా తగ్గి జనం మాస్కులు తీసి పారేసిన ఏడాది, ఏప్రిల్ నెల. ఆదోని ఎండ సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కరలేదు, తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో నేను టెక్నీషియన్‌ని. మాది ఎమ్మిగనూరు, రోజూ బస్సులో వచ్చి పోతాను. సూది పట్టి అప్పటికే పద్దెనిమిదేళ్లు. నరం దొరకని ముసలివాళ్లను, చేయి ఇవ్వకుండా గీపెట్టే పిల్లలను మా డాక్టరుగారు నాకే అప్పజెప్పేవారు. నా చేతికి పేరుండేది. ఆ పేరును కాపాడుకోబోయి నేను తప్పు చేశాను.

బసవరాజప్ప పత్తి వ్యాపారి. యాభై ఆరేళ్లు. గుండె బాగా బలహీనపడితే బెంగళూరులో ఎల్‌వ్యాడ్ పెట్టారు. అంటే గుండెకు అతికించి ఉండే చిన్న పంపు. గుండె కొట్టలేని రక్తాన్ని అది తోస్తుంది. పొట్టలోంచి ఒక తీగ బయటికి వస్తుంది, నడుముకు కంట్రోలర్, రెండు బ్యాటరీలు. మొదటిసారి మా ల్యాబుకు వచ్చినప్పుడు అలవాటు ప్రకారం ఆయన మణికట్టు పట్టుకున్నాను. వేళ్లకు ఏమీ తగల్లేదు. నా ముఖం చూసి ఆయన నవ్వేశారు.

"ఏం సుగుణమ్మా, నాడి కోసం ఎతుకుతాండావా? ఎతుకు ఎతుకు. బెంగుళూరు డాక్టర్లకే దొరకల్యా."

"నాడి లేకుంటే మనిషి ఎట్ల మాట్లాడతాడన్నా?"

"ఇదో, ఈ మిషన్ మాట్లాడిస్తాంది. నీకేమైనా అనుమానముంటే దాన్నే అడుగు."

పంపు ఆగకుండా ఒకే ధారగా తోస్తుంది కాబట్టి చాలామందిలో నాడి చేతికి అందదు. ఇది నాకు బెంగళూరు ఆసుపత్రి ఫైలు చదివితే తెలిసింది. ఆ ఫైలును నేను ఒకటికి రెండుసార్లు చదివాను. చదవకుండా సూది గుచ్చడం నాకు చేతకాదు.

అందులో ఉన్నది ఇదీ. పంపులోని చక్రం నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. ఆ రాపిడికి కొన్ని ఎర్ర కణాలు పగులుతాయి. దీన్ని హీమోలైసిస్ అంటాం. గాయం దగ్గర రక్తం గడ్డకట్టడానికి సాయపడే పొడవాటి ప్రోటీన్ పోగులు కూడా ఆ వేగానికి తెగిపోతాయి. మా అమ్మ మగ్గం మీద నూలు తెగినట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ అతికేవాళ్లు ఉండరు. అందుకని ఈ మనుషులకు ముక్కునుంచో చిగుళ్లనుంచో రక్తం కారుతూ ఉంటుంది. ఇంకోవైపు పంపులో గడ్డ చేరకుండా రక్తాన్ని పలచన చేసే మాత్ర రోజూ మింగాలి. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష ఐఎన్‌ఆర్. ఆ అంకె మరీ తగ్గితే గడ్డకట్టే భయం, మరీ పెరిగితే రక్తం కారే భయం. ఆ పరీక్షకే ఆయన మా దగ్గరికి వచ్చేవారు.

ఆ సోమవారం రక్తం తీసి సెంట్రిఫ్యూజ్‌లో, అంటే ట్యూబును గిరగిరా తిప్పే యంత్రంలో పెట్టాను. కణాలు అడుగుకు దిగి పైన లేత పసుపు ప్లాస్మా తేలాలి. తేలింది ఎర్రగా, రోజ్ షర్బత్ మాదిరి.

మా పనిలో దానికి ఒకటే అర్థం చెబుతారు. సూది గుచ్చినవాళ్లు గట్టిగా లాగారు, లేదా ట్యూబు కుదిపారు, కణాలు పగిలాయి. ల్యాబులో చేరిన మొదటి వారం నుంచి మాకు నూరిపోసేది ఇదే. నాకు సిగ్గు ముంచుకొచ్చింది. పద్దెనిమిదేళ్ల చెయ్యి ఇట్లా చేసిందా అని అటూ ఇటూ చూసి, ఎవరి కంటా పడకముందే ఆ ట్యూబును బ్లీచింగ్ బకెట్లో పడేశాను. రిజిస్టర్లో "రీకలెక్ట్", అంటే నమూనా చెడింది మళ్లీ తీయాలి అని రాసి, రేపు ఇంకోసారి రమ్మని ఫోన్ చేశాను. ఛీ, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మంగళవారం ఆయన, భార్య గౌరమ్మ వచ్చారు. ఈసారి నరం ఉబ్బడానికి చేతికి బిగించే రబ్బరు పట్టీ కట్టలేదు. సన్నగా, నిదానంగా, ఒక్క బుడగ లేకుండా తీశాను. తిప్పి చూస్తే నిన్నటికంటే ఎరుపు.

ట్యూబు, ఐఎన్‌ఆర్ అంకె వేసిన చీటీ పట్టుకుని మా డాక్టరుగారి గదిలోకి వెళ్లాను. ఆయన కళ్లజోడు పైకెత్తి చూశారు.

"ఏమైంది సుగుణా నీ చేతికి? సూదులైనా నాసిరకం వచ్చి ఉంటాయి. ఐఎన్‌ఆర్ తక్కువ చూపిస్తోంది గానీ ఇట్లాంటి నమూనాలో అంకెను నమ్మలేం. పారేయ్. రీకలెక్ట్ రాసి శుక్రవారం రమ్మను."

శుక్రవారం ఎందుకంటే, వాళ్లు బుధవారం బయల్దేరి గురువారం స్వామి దర్శనానికి మంత్రాలయంలో ఉంటారు. నేను బయటికి వచ్చి బసవరాజప్పను నేరుగా అడిగాను.

"అన్నా, ఒంటికి పోతే ఏ రంగొస్తాంది?"

ఆయన భార్య వైపు చూశారు. గౌరమ్మే చెప్పింది. "కాఫీ డికాషన్ మాదిరి వస్తాందంట. ఎండకేమో అనుకుంటిమి."

"మాత్ర ఏసుకుంటాండావా?"

"సగం ఏసుకుంటాండా. ముక్కులో నెత్తురు కారుతాంటే భయమై తుంచి ఏసుకున్నా. పది దినాలాయ."

నిన్న నేను బకెట్లో వేసింది ఏమిటో అప్పుడు అర్థమైంది. పంపులో గడ్డ చేరి ఉంటే, ఆ ఇరుకులో కణాలు నుగ్గునుగ్గు అవుతున్నాయి. ఒక రోజంతా నా పరువు కోసం పోగొట్టాను.

మళ్లీ గదిలోకి వెళ్లాను. "సార్, నేను రీకలెక్ట్ రాయను."

"రాయవా?"

"రాయను. ఇది లోపలే పగిలిన రక్తం."

"నీ తప్పు రోగి మీద వేస్తే ఎట్లా?"

అంతే, నాకు తిక్క రేగింది. "అట్లయితే మీ చెయ్యి చాపండి సార్."

"దేనికి?"

"సూది నాసిరకమంటిరి, నా చెయ్యి చెడిందంటిరి. అదే డబ్బాలో సూది, ఇదే చెయ్యి. మీ ప్లాస్మా ఏ రంగొస్తాదో చూద్దాం. చాపండి, చీమ కుట్టినట్టుంటాది."

తలుపు అవతల బసవరాజప్ప పకపకా నవ్వడం వినబడింది. డాక్టరుగారికి కోపం వచ్చింది, కానీ చొక్కా చేయి పైకి మడిచారు. ఆ మాటకు ఆయనను మెచ్చుకోవాలి. అదే యంత్రంలో తిప్పి, రెండు ట్యూబులూ ఆయన బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఆయనది చక్కటి లేత పసుపు. బసవరాజప్పది ఎరుపు. డాక్టరుగారు రెంటినీ మార్చి మార్చి చూసి, "బెంగళూరు నంబరు ఇవ్వు," అన్నారు.

పంపు రోగులను చూసుకునే కోఆర్డినేటర్ ఫోన్ ఎత్తింది. రంగు చెప్పగానే ఆమె గొంతు మారింది. కంట్రోలర్ మీద పవర్ అంకె, అంటే పంపు ఎంత కష్టపడి తిరుగుతోందో చూపే అంకె, చదవమంది. గౌరమ్మ చదివింది, రెండు రోజులుగా పెరుగుతూ ఉందని కూడా చెప్పింది. "మాత్రలు మీరుగా ఏం మార్చకండి, ఇప్పుడే బయల్దేరండి, నేను డాక్టరుకు చెప్పి బెడ్ సిద్ధం చేయిస్తాను, ఆ ట్యూబు పారేయకండి," అంది ఆమె.

నవ్వుతున్న మనిషి అప్పుడు మొండికేశాడు. "నేను పోను. మళ్లా రొమ్ము కోస్తారు. ఒకతూరి కోపిచ్చుకున్నా, సాలు. మంత్రాలయం పోయొచ్చి సూద్దాం."

గౌరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నేను చర్చికి పోయేదాన్ని, స్వామి దర్శనం మానుకోమనే హక్కు నాకెక్కడిది? అయినా ఊరుకోలేకపోయాను.

"స్వామి యాడికీ పోడు అన్నా, ఆన్నే ఉంటాడు. నువ్వు గురువారానికి ఉంటావో లేదో నాకు నమ్మకం లేదు. కోపంగానే సెప్తాండా, ఇనుకో. నీ గుండెలో మిషన్ ఆగిపోతే ఈ ఆదోనిలో దాన్ని నడిపే మొగోడు లేడు. లెయ్యి!"

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఈ యమ్మ నన్ను తిడతాంది, సూడు గౌరీ," అంటూనే లేచారు. అరగంటలో కారు కదిలింది.

బెంగళూరులో చూస్తే పంపులో గడ్డ ఉంది. మందులకు కరగలేదు. పంపే మార్చారు. ఇంకొన్ని రోజులు ఆలస్యమైతే మూత్రపిండాలు కూడా పోయేవని కోఆర్డినేటర్ తర్వాత ఫోన్లో చెప్పింది.

రెండున్నర నెలలకు బసవరాజప్ప చిక్కిపోయి, కర్ర ఊతంతో మా ల్యాబుకు వచ్చి కూర్చున్నారు. వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, ఈ తల్లే బతికించిందని చెప్పడం మొదలుపెట్టారు. ఆ మాటలు నాకు ముళ్లలాగా గుచ్చుకున్నాయి. జనం పోయాక చెప్పేశాను.

"అన్నా, నన్ను అంతగా పొగడొద్దు. ముందురోజే నీ రక్తం ఎర్రగా వచ్చింది. నా చెయ్యి చెడ్డదంటారని భయపడి పారేసినా. నిన్ను ఒక దినం ఆలస్యం చేసినా."

ఆయన కర్రను గోడకు ఆనించి నా చేతుల వైపు చూశారు.

ఇన్నేళ్ల పనిలో ఆ మనిషి వల్ల నేను నేర్చుకున్నది ఒకటే. మాకు మా తప్పును అనుమానించడం నేర్పారు, మంచిదే. కానీ తప్పు నాదేనని గబగబా ఒప్పేసుకోవడం కూడా ఒక రకం సోమరితనమే. అట్లా ఒప్పేసుకుంటే రోగిని ఒక్క ప్రశ్న కూడా అడగాల్సిన పని ఉండదు. ఇప్పుడు ఎర్ర ట్యూబు వస్తే నేను ముందు మనిషి దగ్గరికి పోతాను, తర్వాతే రిజిస్టరు. "నీకెందుకమ్మా అవన్నీ, నువ్వు డాక్టరువా?" అని అడిగినవాళ్లు ఉన్నారు. కాదు. అయినా అడుగుతాను.

ఆ రోజు నా మాట విన్న బసవరాజప్ప చొక్కా చేయి పైకి తోసి, చెయ్యి నా ముందు పెట్టారు.

"ఇంకెవురితోనన్నా తీపిచ్చుకుంటావేమో అనుకుంటి," అన్నాను.

"తప్పు సెప్పుకున్న చెయ్యి ఇంకోటి యాడ దొరుకుతాది? గుచ్చు."