పంజాగుట్టలో ఒక్క టికెట్

అక్క కాకినాడలో ఒక బడిలో డ్రాయింగ్ టీచరు. ఆమె కళ్లకు నీటికాసులు, అదే గ్లకోమా, వచ్చాయి. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వచ్చి, చివరికి గొట్టంలోంచి చూసినంత మిగిలింది. బావ లేడు, పిల్లలు లేరు. అందుకే హైదరాబాద్ ఆసుపత్రికి నేనే తోడు వెళ్లాను. అమీర్‌పేటలో, కోచింగ్ అమ్మాయిలు ఉండే హాస్టల్లో ఒక గది తీసుకున్నాం.

పంజాగుట్టలో డాక్టరు పరీక్షలన్నీ చూసి, "పోయిన చూపు తిరిగి రాదమ్మా. ఉన్నది కూడా ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేను" అన్నారు. అక్క ఆయనకు దణ్ణం పెట్టి లేచింది. నా భుజం పట్టుకుని, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగింది.

బయటికి వచ్చాక, ఎదురుగా కనపడ్డ పోస్టరు అక్క కోసం పైకి చదివాను. ఒక విదేశీ చిత్రకారుడి బొమ్మలను హాలు గోడల నిండా వెలుగుతో చూపించే ప్రదర్శన. ఊరంతా దాని గురించే చెప్పుకుంటోందని హాస్టల్ అమ్మాయిలు అంటుంటే విన్నాం. అక్క అక్కడే ఆగిపోయింది.

"వెళ్దామే. అంత పెద్దగా వేస్తే నాకు కనపడుతుందేమో."

ఫోన్లో చూస్తే టికెట్లు అయిపోయాయి. మర్నాడు ఉదయమే మా రైలు. అయినా అక్క మాట కాదనలేక, పంజాగుట్టలోనే ఉన్న ఆ హాలుకు ఆటో ఎక్కించాను.

కౌంటర్ దగ్గర ఉన్నాయన తల అడ్డంగా ఊపాడు. "ఇయ్యాల మొత్తం ఫుల్ అయినయ్ మేడం. ఆన్‌లైన్ల సుత లేవు."

"మేం రేపు వెళ్లిపోతున్నామండీ. ఆవిడకి చూపు తగ్గిపోతోంది."

ఆయన అక్క వైపు చూసి గొంతు తగ్గించాడు. "జర సైడుకు నిలబడుండ్రి. ఎవరన్న రాకపోతే చెప్త."

చాలాసేపు నిలబడ్డాం. చివరికి, కౌంటర్ ఆయన చెప్పినట్టుంది, లైన్లో ఉన్న ఒకావిడ మా దగ్గరికి వచ్చింది. మెడలో చిన్న శిలువ గొలుసు, భుజాన ఆఫీసు బ్యాగు. "మా ఆయనకు డ్యూటీ పడ్డది, రాలేకపోయిండు. ఒక్క టికెట్ ఉన్నది. అక్కను నేను తోల్కపోత. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

అక్క ఆవిడ చెయ్యి అందుకుంది. ఇద్దరూ లోపలికి వెళ్లారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఏ దేవుడికి మొక్కాలో తెలియక ఊరికే కూర్చున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అక్కను బెంచీ మీద కూర్చోబెట్టి, నన్ను కొంచెం అవతలికి పిలిచింది.

"లోపల మస్తు చీకటి. అక్కకు ఏం కనపడలేదు. గోడ కాడికి తీస్కపోతే చెయ్యి పెట్టి, ఇప్పుడు ఏ రంగు అని అడిగింది. నీలం అన్న. ఏ నీలం అని అడిగింది. నాకు నీలమంటే నీలమే గదా. ఎట్ల చెప్పాల్నో సమజ్ కాలే." ఆ మాటకు ఆవిడకు మళ్లీ ఏడుపొచ్చింది. నేను ఆవిడ చేతులు పట్టుకున్నాను.

అమీర్‌పేట దారిలో ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో ఆటో ఆగిపోయింది. అక్క తన చెయ్యి ముఖం ముందుకు ఎత్తి పట్టుకుంది.

"నా చెయ్యి మాత్రం కనపడింది. వేళ్ల మీదుగా వెలుగు పాకింది. అంతే."

"తీసుకురాకుండా ఉండాల్సిందక్కా."

"రాకపోతే, వెళ్లుంటే చూసేదాన్నని ఎప్పటికీ అనుకునేదాన్ని. ఇప్పుడు తెలిసింది కదా."

ఆ మాట మామూలుగానే అంది. తర్వాత పక్కన బస్సు హారన్లు మోగుతుంటే, ఆ చప్పుడులో ఎవరికీ వినపడదనుకుందేమో, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆటో డ్రైవరు వెనక్కి చూడలేదు. నేను ఆమె తలను నా ఒళ్లోకి తీసుకున్నాను.

ఊరికి వచ్చిన కొన్నాళ్లకే అక్క ఉద్యోగం మానేసింది. మరుసటి ఎండాకాలానికి వెలుగూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియని స్థితి వచ్చింది. ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. మధ్యాహ్నం పూట రేడియో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంటుంది. బొమ్మల ఊసు తను ఎత్తదు, నేనూ ఎత్తను.