తాత తిన్నంక

"దాన్ని ఆ గట్టు మీది నుంచి దించుతవా, నన్ను లేవమంటవా?" అన్నాను నేను.

"మీరు ఊకోండ్రి అత్తమ్మా. నేను చూసుకుంటాన. మీరు గద్దిస్తే ఇంకింత మొండికేస్తది," అంది కోడలు.

"ఏం చూసుకుంటానవ్? అందరు మనదిక్కే చూస్తాండ్లు. పొద్దున్నే చెప్పిన, చిన్నపిల్లలను హోటళ్లకు తోలుకపోవుడేంది, పరువు తీసుకునుడేంది అని."

"మరి ఇంట్ల తింటాందా? మీరే చెప్పుండ్రి. మీ వంట తింటాందా, నా వంట తింటాందా?"

నేను గొంతు ఇంకా పెంచాను. జవాబు లేనప్పుడు గొంతు పెంచుతానని మా ఆయన ఎప్పుడూ ఎత్తిచూపేవాడు. ఎత్తిచూపడానికి ఇప్పుడు ఆయన లేడు.

హన్మకొండలో కొత్తగా పెట్టిన ఏసీ హోటల్ అది. మేడ మీద, రోడ్డు వైపంతా అద్దాలే. ఆదివారం మధ్యాహ్నం కాబట్టి ఒక్క కుర్చీ ఖాళీ లేదు. ఎల్‌కేజీ చదివే మా మనవరాలు చెప్పులతోనే అద్దం కిందున్న గట్టెక్కి, స్టీలు చెంచాతో అద్దాన్ని టకటకా కొడుతోంది. "తియ్యిండ్రి! ఇది తియ్యిండ్రి!" అని ఒకటే కేకలు. మా కొడుకు తల వంచుకుని మెనూ చూస్తున్నాడు. అడిగినవన్నీ టేబుల్ మీదికి వచ్చేశాయి, అయినా దాన్నే చూస్తున్నాడు.

హోటళ్ల సంగతిలో నా మాట మొదటినుంచీ ఒకటే. చెబితే వినే వయసు రాని పిల్లలను అక్కడికి తీసుకెళ్లకూడదు. వాళ్లకూ సుఖం ఉండదు, పక్కవాళ్లకూ ఉండదు, డబ్బు మాత్రం పోతుంది. కొత్తవాడలో జంపఖానాలు నేసి బతికిన ఇల్లు మాది. హోటల్ అంటే దవాఖానకు పోయినప్పుడు చాయ్ తాగే చోటు, అంతే. మా కొడుకును నేను కంటిచూపుతో పెంచాను. పెళ్లి బంతిలో కూర్చుంటే, దూరం నుంచి నేను చూసే చూపుకే వాడు రెండో గారె అడిగేవాడు కాదు. ఇప్పటి తల్లిదండ్రులకు ఆ చూపు లేదు, దాని బదులు ఫోన్ ఉంది. పక్క టేబుల్ దగ్గర మా పిల్ల ఈడు పిల్లగాడొకడు ఫోన్లో బొమ్మలు చూస్తూ నోరు తెరుస్తున్నాడు, వాళ్లమ్మ ముద్ద పెడుతోంది. ఏం తింటున్నాడో వాడికి తెలియదు. కానీ చప్పుడు లేదు. నిజం చెప్పాలంటే, ఆ రోజు వాణ్ని చూసి నాకు ఈర్ష్య కలిగింది. ఎట్లాగో ఒకట్లా తింటున్నాడు కదా అని.

మా పిల్ల తిండి మానేసింది. నేను ఆ హోటల్ మెట్లెక్కింది అందుకే.

మా ఆయన గుండె ఆగి పోయాడు. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, అట్లాగే గోడకు ఒరిగాడు. మూడో రోజున పిట్టకు పెట్టడానికి చెరువు కట్టకు పోయాం. ఇంట్లో చూసుకునేవాళ్లు ఎవరూ లేక పిల్లనూ వెంట తీసుకెళ్లాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి ఇస్తరాకులో పెడతారు. నేనే వండాను. మటన్ కూర, గారెలు, పచ్చిపులుసు. పక్కన కల్లు సీసా, బీడీల కట్ట పెట్టారు. ఆకు చుట్టూ నీళ్లు తిప్పి అందరం దూరం జరిగాం. మగవాళ్లు "కావ్, కావ్" అని పిలిచారు. కాకులు రాలేదా అంటే వచ్చాయి. తాటిచెట్టు మీద కూర్చుని చూశాయి. దిగలేదు.

"ఏదో కోరిక మిగిలినట్టున్నది. కొడుకా, మాటియ్యి," అన్నారు పెద్దలు.

"అమ్మను మంచిగ చూసుకుంట నాన్నా," అన్నాడు మా కొడుకు, ఏడుస్తూ. కాకి దిగలేదు. మనవరాలిని బాగా చదివిస్తాననీ అన్నాడు. దిగలేదు. ఎండ ముదిరింది, ఆఫీసులకు పోవలసినవాళ్లు గడియారాలు చూసుకోవడం మొదలుపెట్టారు. చివరికి ఎవరో ఒక ఆవును తోలుకొచ్చారు. ఆవుకు పెడితే అయిపోయినట్టే అన్నారు. పెద్దవాళ్లకు అట్లా అయిపోయింది.

"తాత తినలేదా?" అని పిల్ల అడిగింది.

మా చుట్టాలామె ఒకామె, నోరు ఊరుకోక, "పిట్ట తింటెనే తాత తిన్నట్టు బిడ్డా. తాత తినలే," అంది.

అంతే. ఆ రోజు నుంచి పళ్లెం ముందు పెడితే, "తాత తిన్నంక తింట," అని పక్కకు నెట్టేస్తుంది. బతిమాలి పాలు తాగించాం. భయపెట్టి నాలుగు ముద్దలు కుక్కితే కక్కేసింది. గౌను భుజాల మీది నుంచి జారుతోంది. క్లాసులో సోలిపోయిందని టీచరు ఫోన్ చేసింది. డాక్టరు చూసి, ఒంట్లో ఏమీ లేదు, మనసులో పెట్టుకుంది, బయట తిప్పండి, అడిగింది పెట్టండి అన్నాడు. అదీ హోటల్‌కు రావడం.

వచ్చి కూర్చోగానే వెయిటర్, "ఏం కావాలె పాపా?" అన్నాడు.

"పూరి," అంది.

అది నోరు తెరిచి తిండి పేరెత్తడం ఎన్నాళ్లకో! కోడలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"పూరి పొద్దున్నే అయిపోతది పాపా. బటూరా ఉన్నది. పెద్ద పూరి లెక్కనే ఉంటది," అన్నాడతను.

కుండలా ఉబ్బిన బటూరా వచ్చింది. పిల్ల పళ్లేన్ని రెండు చేతులా పట్టుకుంది. తింటుందనుకుని ముగ్గురం చూశాం. అది కుర్చీ దిగి, పళ్లెం తీసుకెళ్లి అద్దం గట్టు మీద పెట్టి, తానూ పక్కకెక్కి, చెంచాతో అద్దాన్ని కొట్టడం మొదలుపెట్టింది. నేను కోడలి మీద లేచింది అప్పుడే.

మేమట్లా వాదులాడుకుంటుండగా పిల్ల మంచినీళ్ల గ్లాసు అందుకుంది. పళ్లెం చుట్టూ జాగ్రత్తగా నీళ్లు తిప్పింది. తర్వాత నోటి పక్కన చెయ్యి పెట్టుకుని, "కావ్! కావ్! కావ్!" అని హోటలంతా దద్దరిల్లేలా పిలిచింది.

కోడలు నా వైపు చూసింది, నేను కోడలి వైపు చూశాను.

ఆ నీళ్లు గట్టు మీది నుంచి కారి పక్క టేబుల్ ఆయన సంచి మీద పడ్డాయి. ఆయన చటుక్కున లేచాడు. మేనేజరు పరుగున వచ్చి, "అమ్మా, పాపను జర కూర్చోబెట్టుండ్రి, అందరికి డిస్టర్బ్ అవుతాంది," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కోడలు కంగారుగా ఫోన్ తీసి బొమ్మలు పెట్టి పిల్ల చేతికిచ్చింది. పిల్ల దాన్ని తోసేసింది.

"పిల్లలను కంట్రోల్ చేసుకోరానోళ్లు హోటల్‌కు ఎందుకొస్తరో," అన్నాడు సంచి ఆయన, మాకు వినబడేలా.

అది నా మాటే. పొద్దున్న మా ఇంట్లో నేను అన్నదే. పరాయివాడి నోటి నుంచి వింటే ఒళ్లు మండింది.

"మా ఇంట్ల మనిషి పోయిండు బిడ్డా. దాని తాత. ఆయనకే పెడతాంది," అన్నాను.

ఆయన సంచి తుడుచుకుని కూర్చున్నాడు. ఫోన్ చూస్తున్న ఆయన కొడుకు మాత్రం తలెత్తి, "కాకి ఏది మమ్మీ?" అన్నాడు.

నేను లేచి పిల్ల దగ్గరికి పోయాను.

"దిగు."

"దిగ. అద్దం తియ్యుమను నానమ్మా. కాకి లోపలికెట్లొస్తది?"

"ఇది తెరుసుకోదు పాపా, ఏసీ అద్దం," అన్నాడు వెయిటర్ వెనక నుంచి.

"కాకికి గిసుంటివి పెట్టరే. అన్నం, కూర పెడుతరు. మొన్న పెట్టినం గద," అన్నాను.

"గవి తాత తినడు. తాతకు పూరి కావాలె," అంది పిల్ల. "నేను, తాత రోజు తింటుంటిమి. బడి పక్కన బండి కాడ. నాకొకటి, తాతకు రెండు. మీ నానమ్మకు చెప్పకు, తంతది అన్నడు."

ఆయనకు షుగర్. డాక్టరు చెప్పిన రోజు నుంచీ నేను ఆయన నోటికి కావలి కాశాను. పొద్దున జొన్నరొట్టె, నూనె లేని కూర. చాయ్‌లో చక్కెర లేదు. మారు మాట్లాడకుండా తిని, పిల్లను బడిలో దింపొస్తానని సంచీ భుజానికేసుకుని పోయేవాడు. ఎంత బుద్ధిమంతుడని నలుగురికీ చెప్పుకున్నాను. అక్కడ ఆ గట్టు ముందు నిలబడి నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. మనిషి ఎదురుగా ఉంటే అందరి ముందే కడిగేసేదాన్ని. కడగడానికి లేడన్నది తర్వాత తోచింది.

ఇన్నేళ్లు కాపురం చేసిన నేను మటన్ వండి పెట్టాను. ఏం కావాలో తెలిసిన మనిషి ఆ చెరువు కట్ట మీద ఒక్కతే ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు.

అద్దం అవతల కరెంటు తీగల మీద కాకులు ఉన్నాయి. పిల్ల వాటినే చూస్తోంది. బటూరా పొంగు దిగి, పళ్లేనికి అంటుకుపోయింది. నేను పిల్లను చంకనేసుకున్నాను. అది నా జుట్టు పట్టి లాగింది, కాళ్లతో తన్నింది, "తాత తినలే! తాత తినలే!" అని మెట్లన్నీ దిగేదాకా ఏడ్చింది. ఎంత తేలికైపోయిందో నా చేతికి తెలిసింది. వెనక కోడలు ముట్టని తిండంతా పార్సిల్ కట్టించుకుని వచ్చింది. అట్లా చేయమని నేను చెప్పలేదు. నా దగ్గర నేర్చుకున్నదే.

ఇంటికొచ్చాక మా కొడుకు చెప్పులైనా విడవకుండా గడపలో నిలబడ్డాడు.

"నాన్నకు పూరి ఇష్టమని నాకెన్నడు తెల్వదమ్మా."

"నాకు తెల్సా?" అన్నాను.

హోటల్ పొట్లాలు పిల్ల ముందు విప్పాం. వాటి వైపు కూడా చూడలేదు. పొద్దుగూకక ముందే ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

తెల్లవారి నేను స్నానం చేసి, పిల్లకు గౌను తొడిగి, "నడువు, ఆ బండేదో చూపియ్యి," అన్నాను. అది నా వేలు పట్టుకుని ముందు నడిచింది. బడి మూల తిరిగాక, వేపచెట్టు కింద ఉంది బండి. నేను ఆ తోవన ఎన్నోసార్లు పోయినదాన్నే. పూరీలు ఒత్తుతున్నామె పిల్లను చూసి నవ్వింది.

"ఏందే బుజ్జీ, ఇన్నొద్దులు రాకపోతిరి? తాతేడి?"

"తాత సచ్చిపోయిండు. పార్సిల్ గావాలె," అంది పిల్ల.

ఆమె చేతిలో అప్పడాల కర్ర అట్లాగే ఉండిపోయింది. తర్వాత కొత్త వాయి వేసింది. ఆలుగడ్డ కూర వేరే పొట్లం కట్టింది.

మా మేడ మీది పిట్టగోడపై పళ్లెం పెట్టాం. రెండు పూరీలు, కూర. పిల్ల చెంబుతో చుట్టూ నీళ్లు తిప్పింది. ఇద్దరం మెట్ల దగ్గరికి జరిగి నిలబడ్డాం. అది నోటి పక్కన చెయ్యి పెట్టుకుని పిలిచింది. కాసేపటికి నీళ్ల ట్యాంకు మీద ఒక కాకి వాలింది. మెడ అటూ ఇటూ తిప్పింది. నేను ఆరబెట్టిన వడియాలను రోజూ ఎత్తుకపోయే కాకే అయుండొచ్చు, నాకు తెలియదు. అది గోడ మీదికి దూకి, ఒక పూరిని ముక్కున కరుచుకుని, పక్క బిల్డింగు మీదుగా వెళ్లిపోయింది.

"తాత పార్సిల్ తీస్కపోయిండు," అంది పిల్ల.

తన పూరి విప్పమంది. అక్కడే మెట్టు మీద కూర్చుని మొత్తం తిన్నది. వేళ్లు నాకింది. గోడ మీద మిగిలిన పూరీని చూపించి, "అది నువ్వు తిను నానమ్మా, తాతకు కడుపు నిండింది," అంది.

కోడలు మెట్ల కింద నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. నేను గోడ దగ్గరికి పోయి చల్లారిన పూరి తీసుకున్నాను. నూనె ఎక్కువైంది. కూరలో ఉప్పు తక్కువ. తిండి పారేయడం మా ఇంట్లో లేదు కాబట్టి మొత్తం తిన్నాను.

పళ్లెం కడిగి బోర్లించాను. పిల్లను ఆ రోజు బడికి నేనే తీసుకెళ్లాను.