కెమెరాకు పెట్టిన బొట్టుబిళ్ల

నలభై రెండేండ్లు ఎల్లారెడ్డిలో బట్టలు కుట్టాను. నాలుగో తరగతితో బడి మానేసినా, కిరాణా దుకాణంలో సామాను కట్టి ఇచ్చే పేపరు ముక్కలు చదివి చదివి తెలుగూ ఉర్దూ రెండూ ఒంటబట్టించుకున్నాను. నా దుకాణం గోడకు దేవుని పటం ఉండేది, దాని కింద కొలతల నోటుబుక్కు ఉండేది. పటానికి ఎవరైనా దండం పెట్టుకోవచ్చు గాని, నోటుబుక్కును మాత్రం ముట్టనిచ్చేవాణ్ణి కాదు. ఒక లీడరు గెలిచిన ఏడాదికే నడుము ఐదంగుళాలు పెరిగింది. ఓడినాయన వచ్చి, నాకు చాయ్ తాగించి, ఎంత పెరిగిందని మెల్లగా అడిగాడు. చాయ్ తాగాను, చెప్పలేదు. ఆడవాళ్ల రవికెల కొలతలు వాళ్ల మొగుళ్లు అడిగినా చెప్పలేదు. దర్జీకి కత్తెర మొద్దుబారినా బతుకు గడుస్తుంది, నోరు జారితే మాత్రం గడవదు. ఇంత గొప్ప చెప్పుకోవడం దేనికంటే, అదే నోరు 2013లో ఒక ఆదివారం పది నిమిషాల్లో చేసిన నిర్వాకం చెప్పాలి గనుక.

అప్పటికి మోకాళ్లు మొరాయించి దుకాణం మూసేశాను. మెషిన్ ఇంటి ముందరి అర్రలో వేసుకుని, తోచినప్పుడు సంచులు కుట్టేవాణ్ణి. మనుమరాలు రోజూ ఎనిమిదింబావు బస్సుకు కామారెడ్డి పోయి డిగ్రీ చదువుతున్నది. వాళ్ల నాయన, అంటే నా కొడుకు, కరెంటు లైన్‌మెన్. ఎవరి దగ్గరో వాడిన లాప్‌టాప్ ఒకటి తెచ్చి బిడ్డకిచ్చాడు. దానికి పుల్లంత డాంగిల్ గుచ్చితే నెట్ వచ్చేది, పుణ్యముంటే.

ఆ పిల్లకు ఇంగ్లీషు చదవడం వచ్చు, మాట్లాడబోతే నాలుక మడత పడుతుంది. అందుకని ముక్కూ మొహం తెలియనివాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే సైటు ఏదో పట్టింది. నాకు ఒళ్లు మండింది.

"తెలవనోళ్లతోని ముచ్చట్లేంది బిడ్డా?" అన్నాను.

"ఇంటర్వ్యూల నా ఎదురుంగ కూసునేటోడు నాకు తెలిసినోడు ఉంటడా, తాతా?" అన్నది.

దాంతో నేనే కాపలా కూర్చోవడం మొదలుపెట్టాను. ఆదివారం మధ్యాహ్నాలు ఆమె పక్కనే స్టూలు వేసుకుని, కండ్లద్దాలు తుడుచుకుని, తలుపు దగ్గర జవానులాగా కూర్చునేవాణ్ణి. ఆమె తన పేరు మార్చి చెప్పేది. ఊరు హైదరాబాద్ అనేది. లాప్‌టాప్ నుదుట, సరిగ్గా కెమెరా మీద, ఎర్రటి బొట్టుబిళ్ల ఒకటి అంటించి ఉండేది. దసరాకు నా మెషిన్‌కు నేను కుంకుమ పెడతాను కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాను. ఈ కాలం పిల్లల్లో ఇంత భక్తి ఉన్నందుకు మెచ్చుకున్నాను కూడా. ఆమె నా వైపు ఒకసారి చూసి, బిళ్లను వేలితో ఇంకాస్త గట్టిగా అదిమింది.

ఆ ఆదివారం ఎవడో కుర్రవాడితో ఇంగ్లీషులో మాట్లాడుతున్నది. అంతకుముందు మూడు నాలుగు సార్లు మాట్లాడిన వాడే. ఉన్నట్టుండి మబ్బు పట్టింది. మిద్దె మీద మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. కోడలు పైనుంచి కేక వేసింది. "తాతా, దీన్ని ముట్టకు," అని పిల్ల మిద్దె మీదికి ఉరికింది.

డబ్బాలోంచి "హలో, హలో" అని వినిపించింది. మన ఇంట్లో ఎవరైనా పిలిస్తే పలకకుండా ఎలా ఉంటాం? పలికాను.

"తాత గారా? నమస్తే తాతా. ఏ ఊరు మీది?" అన్నాడు, శుభ్రమైన తెలుగులో.

ఇక్కడొక మాట చెప్పాలి. మా ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి బస్సెక్కితే, లింగంపేట దాటకముందే పక్క సీటువాడికి నీ ఊరు, నువ్వు ఎవలోళ్లవు, నీ బోరు ఎన్ని ఫీట్లు, నీ కోడలికి అయిన ఆపరేషన్ ఏమిటి, అన్నీ తెలిసిపోతాయి. చెప్పకపోతే వాడు నిన్ను దొంగ అనుకుంటాడు. అడగడం వాడి మర్యాద, చెప్పడం మన మర్యాద. అరవై ఏండ్లు ఆ బస్సులో తిరిగిన నోరు నాది. నోటుబుక్కులోవి అడిగితే మూసుకుంటుంది గాని, ఏ ఊరని అడిగితే దానంతటదే తెరుచుకుంటుంది.

"ఎల్లారెడ్డి," అన్నాను.

"హైదరాబాద్ అన్నది గదా మేడం."

"హైదరాబాద్ ఏంది? మా తాతల కాన్నుంచి ఎల్లారెడ్డే."

ఆమె చెప్పిన పేరు కూడా వాడు తప్పుగా పలుకుతున్నాడనిపించి, అసలు పేరు చెప్పి సరిదిద్దాను. పెట్టింది నేనే మరి.

"మీ మొఖం కనబడుతలేదు తాతా. కెమెరాకు ఏమన్న అడ్డమున్నదా?"

"బొట్టుబిళ్ల ఉన్నది."

"జర తియ్యుండ్రి. పెద్దమనిషిని సూసినట్టుంటది."

అమ్మవారికి కోపం రాకుండా మెల్లగా ఒలిచి, పక్కనే అంటించాను. అలా వంగినప్పుడు మోకాలు కలుక్కుమంటే మూలిగాను. వాడు వెంటనే వాళ్ల నాయనమ్మకూ అదే నొప్పి అని, నువ్వుల నూనె కాచి రాయమని చెప్పాడు. నా కొడుకు ఏనాడూ అడగని సంగతి అది. మనసు కరిగింది. మనుమరాలు ఏ కాలేజీ, ఏ బస్సు, తిరిగి ఏ బస్సు, అన్నీ కరిగిన మనసులోంచే వచ్చాయి. చివరికి ఆమె భుజాన వేసుకునే సంచి దాకా వచ్చాను. రవికెల్లో మిగిలిన ముక్కలు, ముప్పై రంగులవి, అతికించి కుట్టాను దాన్ని. "గసొంటి సంచి కామారెడ్డి మొత్తంల ఇంకొకటి దొరకది," అన్నాను. గర్వం కదా, ఊరుకోదు.

పిల్ల దిగివచ్చి, చూసి, మూత టప్పున వేసింది.

"ఏమేం చెప్పినవ్ తాతా?"

"ఏం చెప్పలే. మంచిచెడ్డ మాట్లాడుకున్నం," అన్నాను. నిజంగా అంతే అనుకున్నాను.

ఆ గురువారం సాయంత్రం కామారెడ్డి బస్టాండులో వాడు ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు. పేరు పెట్టి పిలిచాడు. తెలియనట్టే ఎవరు నువ్వని ఆమె అడిగితే, "తాతకు మోకాళ్ల నొప్పి తగ్గిందా?" అన్నాడట. తనతో వచ్చి చాయ్ తాగమన్నాడు. రాకపోతే తన దగ్గర ఫొటోలున్నాయని, వాళ్ల నాయనకు చూపిస్తానని అన్నాడు. ఆమె నేరుగా పోయి బస్సులో ఆడవాళ్ల మధ్య కూర్చున్నది. ఇంటికి వచ్చి నాకు మాత్రమే చెప్పింది. తిట్టలేదు. సంచి తీసి నా మెషిన్ మీద పెట్టింది, అంతే. తిడితే బాగుండేది.

నాయనకు చెప్పాలా వద్దా అని మేమింకా అనుకుంటూనే ఉన్నాం. మా పక్కింటాయన, కంటి డాక్టరు దగ్గరికి కామారెడ్డి పోయినవాడు, కంట్లో చుక్కల మందుతో కూడా ఆ బస్టాండులో చూడవలసింది చూశాడు. బస్సులో యాభై జతల కండ్లుంటాయి, ఒక్కదానికీ బొట్టుబిళ్ల ఉండదు. ఆ రాత్రికే మా గడప తొక్కాడు.

"నాకెందుకు గని, చెప్పకుంటే మనసు ఒప్పుతలేదు," అని కొడుకుకు మొత్తం చెప్పి, ఒప్పుకున్న మనసుతో వెళ్లిపోయాడు.

కొడుకు ఇంటి కప్పు లేచేలా అరిచాడు. "రేపటిసంది కాలేజీ బంద్. ఇజ్జత్ తీస్తివి," అన్నాడు బిడ్డతో. ఇంకొక్క ఏడాది చదివితే డిగ్రీ చేతికొచ్చే పిల్ల. బస్టాండులో అడ్డం వచ్చినవాడి ఇజ్జత్ ఏమవుతుందో ఎవరూ అడగరు. పోలీసులకు చెబుదామంటే, అప్పుడు ఉన్న ఇజ్జత్ కూడా పోతుందట.

"వానికి అన్నీ చెప్పింది నేను," అన్నాను.

కొడుకు నా వైపు జాలిగా చూశాడు. "నువ్వా బాపు? లీడర్ నడుము ఎంతనో చెప్పనోనివి. మనుమరాల్ని బచాయించనీకె అబద్ధం ఆడుతున్నవ్."

నలభై రెండేండ్లు కూడబెట్టిన మంచిపేరు, అవసరానికి ఇలా పనికొచ్చింది. ఊరు, బస్సు, సంచి, నువ్వుల నూనె, ఒక్కొక్కటీ చెప్పాను. నమ్మలేదు. వాడు ఎవడైతేనేం, తానే అడుగుతానన్నాడు. "కలుపు వాన్ని," అని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

పిల్ల కొత్త బొట్టుబిళ్ల తీసి కెమెరాకు అంటించి, కలిపింది. వాడు తెర మీదికి వచ్చాడు, దువ్విన తలతో, నవ్వుతూ.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు నా కొడుకు. "నేనెవలో ఎరుకనా? కరెంటాఫీసుల లైన్‌మెన్‌ను. దమ్ముంటే మా ఇంటికి రా. తహసీల్ ఆఫీసు ఎనుక సందు, మూడో ఇల్లు, నీలం గేటు. పొద్దుగాల పదింటికి నేను డ్యూటీకి పోతా, దానికి ముందుగాల రా. లేకుంటే నా నంబర్ రాసుకో—"

పిల్ల మూత వేసింది.

ఆమె మా ఇద్దరి వైపు తిరిగింది. వేళ్లు మడుస్తూ అన్నది: "తాత ఊరు చెప్పిండు. సందు, ఇల్లు, గేటు రంగు, నువ్వు ఇంట్ల ఉండని టైము నువ్వు చెప్పినవ్, నాయినా."

కొడుకు లేచి పోయి గేటుకు గొళ్లెం పెట్టి వచ్చాడు. ఇద్దరం ఒకే బస్సులో తిరిగినవాళ్లం.

మేము ఎడ్రస్ ఇచ్చేపనిలో ఉండగా ఆమె ఏదో మీట నొక్కి వాడి మొహాన్ని ఫొటో తీసిందట. దాన్ని వాడికే పంపి, ఇంకోసారి బస్టాండులో కనబడితే ఇది ఠాణాలో కనబడుతుందని రాసింది. నీ దగ్గరున్న ఫొటోలు చూపించమని కూడా అడిగింది. వాడు పంపినవి మూడు. మూడింటిలోనూ నేనే, చిరిగిన బనీనుతో, ఒకదాంట్లో మోకాలు పట్టుకుని. మరునాటికి వాడి ఖాతా కనిపించలేదు. కొడుకు మాత్రం వారం రోజులు డ్యూటీకి ఆలస్యంగా పోతూ, నీలం గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తరువాత గేటుకు పచ్చ రంగు వేశాడు. ఎందుకని పక్కింటాయన అడిగితే, ఎండకు వెలిసిపోయిందన్నాడు. మా ఇంట్లోవాళ్లు బయటివాడి దగ్గర సగం మాట దాచుకోవడం అప్పుడే చూశాను.

కాలేజీ బంద్ అన్న మాట మళ్లీ రాలేదు. ఎత్తే మొహం మా ఇద్దరిలో ఎవరికీ లేదు.

గొడవ తర్వాతి ఆదివారం పిల్ల నా మెషిన్ దగ్గరికి వచ్చింది. "ఒక నల్ల సంచి కుట్టియ్యి తాతా. అందరి భుజాన ఉండేటిది," అన్నది. నాడా లేదు, అంచు లేదు, పువ్వు లేదు. నా జన్మలో అంత చప్పటి సంచి కుట్టలేదు. రెండుసార్లు చేయి అలవాటుగా రంగు ముక్క మీదికి పోతే వెనక్కి తీసుకున్నాను. సోమవారం పొద్దున ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మంచిగున్నది. నువ్వు కుట్టినట్టే లేదు," అని పుస్తకాలు సర్దుకుని, ఎనిమిదింబావు బస్సుకు పోయింది.